నాన్న గడి

జూన్ 4, మంగళవారం

ఆఫీసు తనిఖీ పుస్తకాల్లో ఒకటి మిగిలిపోతే ఇంటికి తెచ్చుకున్నాను. ఇందులోనే రాస్తాను. ఇరవై ఏడేళ్లు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసినవాడికి వేరే కాగితం మీద చెయ్యి ఆడదు. పేజీ నెత్తిన "గమనించినది" అని అచ్చేసి ఉంటుంది. అంతే రాయాలి. ఊహించినది రాయకూడదు.

గమనించినది: సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్లేసరికి మా ఆవిడా అమ్మాయీ మాట్లాడుకుంటున్నవాళ్లు ఆగిపోయారు. ఆగిపోయి, నీళ్లు కావాలా అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు. నేను కొట్లో అడుగుపెట్టినప్పుడు షావుకార్లు కూడా అచ్చం ఇలాగే, మంచినీళ్లు తాగుతారా సార్ అంటారు. అప్పుడు నేను ముందు కౌంటరు కింద చూస్తాను.

ఆపరేషనై నలభై రోజులు. పెద్దపేగులో కణితి. జానెడు పేగు కోసి, తెగిన రెండు కొసలూ కలిపి కుట్టారు. పక్క గ్రంథుల్లో రెండింటికి పాకిందట, అందుకని మూడో దశ. మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తున్నారు. ఇదంతా సర్జన్ నా ముందే చెప్పాడు. తర్వాత మా ఆవిణ్ణి ఒక్కదాన్నీ పక్కకి పిలిచి మరో పది నిమిషాలు మాట్లాడాడు. ఏం చెప్పాడే అంటే, "పత్యం సంగతండీ" అంది. మెత్తగా వండి పెట్టమని చెప్పడానికి పది నిమిషాలు కావాలా?

నాకు ఎన్నాళ్లుందో వీళ్లకి తెలుసు. నాకు చెప్పట్లేదు.

పై వాక్యం ఊహించినది. కొట్టేశాను. కొట్టేసినా కనిపిస్తూనే ఉంది.

జూన్ 9, ఆదివారం

తమ్ముడు మళ్లీ వచ్చాడు. వాడికి లారీల షెడ్డుంది. బ్రేకులు తప్ప మరో పని ముట్టుకోడు, లారీల వాళ్లు వాణ్ణి బ్రేకుల డాక్టరంటారు. ఆదివారం కాలు బయట పెట్టనివాడు మూడు వారాలుగా వస్తున్నాడు. "ఎలా ఉందన్నయ్యా" అని ఒక్క ముక్క నా మొహాన పడేసి వదిన దగ్గరికి వంటింట్లోకి పోతాడు.

ఇవాళ జేబులోంచి టేపు తీసి నడవా, స్నానాలగది గోడలూ కొలిచాడు.

"ఏం కొలుస్తున్నావురా?"

"ఏం లేదన్నయ్యా, ఊరికే."

నలభై రెండేళ్లవాడు ఊరికే గోడలు కొలుస్తాడా? పైగా ఆ టేపు మీద ముద్ర లేదు. మొదటి అంగుళం అరిగిపోయింది. దాంతో ఏది కట్టినా వంకరే.

మనిషి ఉండగానే ఇల్లు కొలుస్తున్నారు.

జూన్ 13, గురువారం

ఆసుపత్రి రెండో అంతస్తులో, మూలగదిలో ఒకావిడ. జబ్బులు వంశంలో ఎలా వస్తాయో చూసే పని ఆమెది. మందివ్వదు, గొట్టం పెట్టదు, గళ్లు గీస్తుంది. గళ్ల మేడం అని పేరు పెట్టాను.

"కణం రెండు కణాలయ్యేటప్పుడు లోపలి రాతంతా కాపీ అవుతుంది సార్. కాపీలో తప్పులు పడతాయి. వాటిని సరిచూసి దిద్దే జన్యువులుంటాయి. మీ కణితి ముక్కలో వాటిల్లో ఒకటి పని చెయ్యట్లేదు. కణితిలోనే పాడైందా, పుట్టుకతో అలా వచ్చిందా అన్నది రక్తంలో చూడాలి."

"అంటే లోపల ఇన్‌స్పెక్టరు సెలవు పెట్టాడన్నమాట."

నవ్వింది. ఆ జోకుకి అంత నవ్వు ఎక్కువ.

తర్వాత గళ్లు. మగవాళ్లకి చదరపు గడి, ఆడవాళ్లకి సున్నా. పోయినవాళ్లకి అడ్డగీత. ఈ జబ్బున్న వాళ్ల గడి నల్లగా నింపాలి. ముందు నా గడి నింపింది, పెన్సిలు అరిగేలా.

"నాన్నగారు?"

"పోయారు. నలభై నాలుగో ఏట."

"ఏమైంది సార్?"

"లారీ యాక్సిడెంట్."

అడ్డగీత గీసి గడి తెల్లగా వదిలేసింది. అమ్మ డెబ్భై మూడో ఏట గుండెపోటుతో పోయిందన్నాను. ఒక్కడే తమ్ముడు, గుండ్రాయిలా ఉన్నాడన్నాను. అన్నీ తెల్లగళ్లే. మొత్తం కాగితంలో నేనొక్కణ్ణే నలుపు.

ఇంకో కాగితం తీసింది. ఇదే జబ్బు బయటపడ్డాక కొందరు ఇరవై ఏళ్లు బతుకుతారట, కొందరు ఏడాది తిరక్కుండా పోతారట. మందు ఒకటే, దశ ఒకటే. తేడా జన్యువుల్లో ఉందేమోనని పరిశోధన చేస్తున్నారట. మీ రక్తం అందులో కూడా వాడుకోవచ్చా అంది. సంతకం పెట్టాను. నేను త్రాసులో ఏ పళ్లెంలో కూర్చుంటానో వాళ్లకి తెలియదట, నమ్మాలట.

జూన్ 26

మూడో మందు. అరచేతుల్లో సూదులు. చల్లనిది ఏది తాకినా కరెంటు కొట్టినట్టుంటోంది.

ఆఫీసుకి వెళ్లి ఇత్తడి రాళ్ల పెట్టె తెరిచాను. ఊళ్లో ఎవరి రాయి నిజమో ఎవరిది దొంగో తేల్చేవి ఆ రాళ్లే. వేలితో ముట్టకూడదు, వేలి జిడ్డు కూడా బరువే, గుడ్డతో పట్టుకోవాలి. ఇవాళ గుడ్డతో పట్టుకున్నా చెయ్యి జివ్వుమంది. పెట్టె మూసేసి, వేడినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. మా గుమస్తా పలకరించలేదు. పలకరిస్తే ఏం మాట్లాడాలో వాడికీ ఎవరో నేర్పి ఉండాలి.

జూలై 4, గురువారం

రక్తం ఫలితం వచ్చింది. పుట్టుకతో వచ్చిందే.

"కంగారు పడకండి సార్. చిత్రమేమిటంటే, ఇలాంటి కణితి వచ్చినవాళ్లు మీ దశలో మిగతావాళ్లకంటే సాధారణంగా మెరుగ్గానే ఉంటారు. తప్పులు ఎక్కువగా ఉండటం వల్లే ఒంటికి అది పరాయిదని తెలిసిపోతుంది, తిరగబడుతుంది. గ్యారంటీ ఇవ్వలేను. కానీ మంచి మాటే."

చెడ్డ జన్యువట, అది చెడ్డది కాబట్టే నాకు మంచిదట. తూకంలో కొట్టేసేవాడే కొసరు ఎక్కువ వేస్తాడు. నేను తల ఊపాను.

"ఇది అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చి ఉండాలి. అరుదుగా కొత్తగా మీతోనే మొదలై ఉండొచ్చు. నాన్నగారిది యాక్సిడెంటే కదా సార్?"

"లారీ."

"అంతకుముందు ఒంట్లో ఏమీ...?"

"చెప్పాను కదమ్మా."

ఒకే ప్రశ్న రెండుసార్లు వెయ్యడం మా పద్ధతి. మొదటి జవాబునీ రెండో జవాబునీ పక్కపక్కన పెట్టి చూస్తాం. నా జవాబు మారలేదు.

తమ్ముడికి ఉండే అవకాశం సగం, లేకపోయే అవకాశం సగం అంది. అమ్మాయికీ అంతే. "రక్తసంబంధీకులకు" అని ఒక ఉత్తరం చేతికిచ్చింది. వాళ్లకి ఇస్తే వాళ్లే వచ్చి పరీక్ష చేయించుకుంటారట. ఇంటికొచ్చి మా ఆవిడకి ఒకటే చెప్పాను, ఇది నాతోనే మొదలైందంటున్నారని.

జూలై 5

ఉత్తరం సొరుగులో పెట్టాను. ఇస్తాను. కొంపలేం మునిగిపోవు.

జూలై 8

ఉత్తరం సొరుగులోనే ఉంది. నేను అచ్చు కిందకి ఉండేలా పెట్టాను. ఇప్పుడు పైకి ఉంది.

జూలై 13, శనివారం

అమ్మాయి పొద్దున్నే స్నేహితురాలింటికని వెళ్లింది. పదకొండింటికి వచ్చింది. మోచేతి మడతలో గుండ్రటి ప్లాస్టరు ముక్క. చున్నీ కప్పుకుంది, అయినా కనిపించింది. రాయి అడుగున సీసం తొలిచి మైనం నింపి, పైన నల్లరంగు పూసేవాళ్లని పట్టినవాణ్ణి, ప్లాస్టరు ముక్క కనపడకుండా పోతుందా?

రక్తం ఎందుకిచ్చింది? నాకు ఎక్కించడానికా? అంతదాకా వచ్చిందా?

అడగలేదు. దొంగకి ముందు టైమివ్వాలి.

జూలై 21, ఆదివారం

తమ్ముడు డ్రిల్లు మిషను తెచ్చి స్నానాలగది గోడకి స్టీలు కడ్డీ బిగించాడు. నీరసంగా ఉన్నప్పుడు పట్టుకోవడానికట. గోడలు కొలిచింది ఇందుకేనట. సరే. కానీ నేను పడిపోయే స్థితికి వస్తానని వీళ్లకెవరు చెప్పారు?

కడ్డీ చల్లగా ఉంది. పట్టుకుని వదిలేశాను. ఆ గది కిటికీ వంటింటి వైపుకి. వాళ్ల మాటలు స్పష్టంగా వినిపించాయి. ఒక్క అక్షరం కలపకుండా రాస్తున్నాను.

తమ్ముడు: "అన్నయ్యకి మాత్రం చెప్పొద్దు వదినా. ఇప్పుడున్న పరిస్థితిలో తట్టుకోలేడు."

మా ఆవిడ: "ఎన్నాళ్లని దాచను? నా మొహం చూస్తే పట్టేస్తారాయన."

తమ్ముడు: "ఒకవేళ అదే అయితే అప్పుడు చూద్దాం."

మా ఆవిడ ముక్కు చీదింది.

"అదే" అంటే ఏది? ఇంక ఊహించడానికేముంది. భోజనాల దగ్గర ముగ్గురి మొహాలూ చూశాను. ముగ్గురూ కంచాల్లోకి చూస్తున్నారు. తమ్ముడు సగమే తిని లేచాడు. వాడు కూడా చిక్కాడు. నా గురించి దిగులుతో చిక్కాడనుకుని, ఒక్క నిమిషం వాడి మీద ప్రేమ పొంగింది. వెంటనే దాచినందుకు కోపమొచ్చింది.

జూలై 22

అనుమానం పెనుభూతమంటారు. అనుమానం నా ఉద్యోగం.

ఆగస్టు 10, శనివారం

ఆకస్మిక తనిఖీ చేశాను. మా ఆవిడ బజారుకి వెళ్లింది, అమ్మాయి లేదు. వంటింటి డబ్బాలు, పరుపుల కింద, పాత సూట్‌కేసు. ఏమీ లేదు. బీరువా పైన చలికాలపు దుప్పట్లున్నాయి. కుర్చీ వేసుకుని ఎక్కాను. పాదాలు మొద్దుబారి ఉన్నాయి, కుర్చీ మీద ఉన్నానో లేదో కూడా తెలియలేదు. మూడో దుప్పటి మడతలో ఆసుపత్రి ఫైలు.

నా చావు కబురు అనుకుంటూ తెరిచాను. పైన పేరు నాది కాదు. అమ్మాయిది.

"తనిఖీ అయిందా నాన్నా? ముందు కిందకి దిగు, పడతావు."

గుమ్మంలో నిలబడి ఉంది, చెప్పులు కూడా విప్పలేదు. దిగాను.

"ఉందా?" అన్నాను.

"ఉంది. నీకున్నదే. నీ మందులన్నీ అయ్యాక చెబుదామనుకున్నాం. ఏడాదికోసారి పేగులోకి కెమెరా పెట్టి చూస్తారు, కణితిగా మారే పిలక ఏదైనా కనిపిస్తే అక్కడికక్కడే తీసేస్తారు. ముందు తెలిసింది కాబట్టి అంత భయం లేదట. నేను ఏడవాల్సింది ఏడ్చేశాను. అమ్మదే ఇంకా అవలేదు."

ఇరవై నాలుగేళ్ల పిల్ల. బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పింది. కూర్చున్నాను.

"నేను పోతానని దాస్తున్నారనుకున్నానే."

"నీ సంగతి బాగానే ఉందట. నువ్వే నమ్మట్లేదు. ఆ రోజు సర్జన్ అమ్మని పిలిచింది కూడా, ఈయన ప్రతిదానికీ అనుమానపడుతున్నారు, ధైర్యంగా ఉంచండి అని చెప్పడానికే. అసలు గొడవ బాబాయిది."

తమ్ముడికి మూడు నెలలుగా రక్తం పడుతోందట. మొలలంటాడట. మా ఆవిడ బతిమాలి అడిగితే ఆమెకి చెప్పి, అన్నయ్యకి చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడట. అమ్మాయి నా సొరుగులోని ఉత్తరానికి జిరాక్సు తీసి వాడికిచ్చింది.

"చదివాడు. చదివి ఏమన్నాడో తెలుసా? మా నాన్న లారీ కింద పడి పోయాడు, మా అమ్మ డెబ్భై మూడేళ్లు బతికింది, మా వంశంలో ఈ జబ్బు లేదు, ఇది మీ నాన్నతోనే మొదలైంది, డాక్టర్లే అన్నారట కదా అంటాడు. నాకు రావడానికి దారే లేదంటాడు. ఎంత చెప్పినా వినడు. నువ్వు చెప్తే వింటాడు నాన్నా. చిన్నప్పట్నుంచీ నీ మాటంటే వాడికి వేదమని బామ్మ అనేది."

చెప్తానన్నాను.

ఆగస్టు 11, ఆదివారం

లారీ లేదు.

ఈ పుస్తకంలో కూడా లారీ అనే రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో. ఎవరికోసం రాశాను?

నాన్న పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గుమస్తా. నలభై నాలుగో ఏట తిండి తగ్గింది, తర్వాత మనిషి తగ్గాడు. రక్తం. అమ్మ పెరట్లో ఎవరూ లేవకముందే గుడ్డలు ఉతికేది. కడుపులో పుండని ఒకరు, వేడి అని ఒకరు మందిచ్చారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లేటప్పటికి నాన్నని నేను ఒక్కణ్ణే ఎత్తుకోగలిగాను, నాకు పదిహేడేళ్లు. కోసి చూసి మళ్లీ కుట్టేశారు. పేగులో మొదలై కాలేయం నిండా ఉందన్నారు. మంచం పట్టిన నాలుగో నెలలో పోయాడు. ఆ గదిలో ఉన్న వాసన నాకిప్పటికీ తెలుసు.

తమ్ముడికి ఎనిమిదేళ్లు. వాణ్ణి ముందే పెద్దమ్మ ఇంటికి పంపేశాం. తిరిగి తీసుకొచ్చిన రోజు ఖాళీ మంచం చూసి, "నాన్నేడన్నయ్యా?" అన్నాడు. ఎదురుగా వీధిలో ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు, ఇటుకల లారీ ఆగి ఉంది. ఆకుపచ్చది. లారీ గుద్దేసిందిరా అన్నాను. ఎలా గుద్దింది అన్నాడు. బ్రేకులు పడలేదురా అన్నాను. అమ్మ వింటోంది. "అలాగే ఉండనీ. ఆ చావు వాడికి తెలియక్కర్లేదు" అంది. ఆ ఏడే ఊరు మారాం. కొత్త ఊళ్లో అందరికీ లారీ. పెళ్లయ్యాక మా ఆవిడకీ లారీ. ఇప్పుడు నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పసివాడికి చెప్పిన అబద్ధం. అప్పటికి అది తప్పు కాదు, ఇప్పుడూ తప్పనను. కానీ జూన్ 13న గళ్ల మేడం అడిగేటప్పటికి నాకు యాభై ఒకటి. అక్కడ పసివాడెవడూ లేడు. నిజం చెబితే ఆమె నాన్న గడి నల్లగా నింపేది. దాని కింద నా నల్లగడి. నాన్న నాలుగు నెలల్లో పోయాడని కాగితం మీద పక్కనే కనిపిస్తుంది. నాకు భయమేసింది. నేను అబద్ధమాడింది తమ్ముడికోసం కాదు, నా కోసం. ఉత్తరం సొరుగులో పెట్టిందీ అందుకే.

వాడికి మూడు నెలలుగా రక్తం పడుతోంది.

ఆగస్టు 12

మా ఆవిడకి చెప్పాను. కూరలు తరుగుతోంది, తరగడం ఆపలేదు.

"గురివింద గింజకి తన నలుపు కనపడదంటారు. నెలల తరబడి మా మొహాలు తూకమేసి చూశారే, మీ సంగతి..." ఆగింది. "ఇరవై ఆరేళ్లు. నాక్కూడానా?"

తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది.

"నాకు తర్వాత చెబుదురుగాని. ముందు అతనికి చెప్పండి."

ఆగస్టు 13

షెడ్డు దాకా వెళ్లాను. వాడు లారీ కింద ఉన్నాడు. వచ్చేశాను.

ఆగస్టు 14

వర్షం. వెళ్లలేదు.

ఆగస్టు 15

వర్షం లేదు. వెళ్లలేదు.

ఆగస్టు 16

ఆఫీసులో ఇత్తడి రాళ్ల పెట్టె మూత లోపల కాగితం చూశాను. ఏటా పై ల్యాబుకి తీసుకెళ్లి అసలు రాళ్లతో సరిచూపించి ముద్ర వేయించుకు రావాలి. పోయినేడు మానేశాను. ఈ రాళ్లతోనే ఏడాదిన్నర నుంచి ఊళ్లోవాళ్ల మీద కేసులు రాస్తున్నాను.

మా ఆవిడ నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది.

ఆగస్టు 17, శనివారం

చెప్పేశాను.

షెడ్డులో వాడొక్కడే ఉన్నాడు. లారీ కింద చక్రాల పలక మీద పడుకుని ఉన్నాడు, రెండు పాదాలే బయటికి కనిపిస్తున్నాయి. గోడకి నాన్న ఫోటో, దాని కింద బ్రేకు డ్రమ్ముల వరస. ఆ ఫోటో అక్కడ పదిహేనేళ్లుగా ఉంది. దాని కింద ఎందుకు డ్రమ్ములే పెట్టాడో ఎప్పుడూ ఆలోచించలేదు.

పాత టైరు మీద కూర్చున్నాను.

"ఒరేయ్, ఓసారి బయటికి రా."

"చెప్పన్నయ్యా, వినపడుతోంది. చెయ్యి ఖాళీ లేదు."

వాడి మొహం చూస్తూ చెప్పడం కంటే పాదాలకి చెప్పడమే నయమనిపించింది.

"నాన్న లారీ కింద పోలేదురా."

కింద స్పానరు చప్పుడు ఆగింది.

అంతా చెప్పాను. పెరట్లో గుడ్డలు, ఆసుపత్రి, నాలుగు నెలలు, ఇటుకల లారీ. ఎక్కడా కొసరు వెయ్యలేదు. ఇది నాతో మొదలవలేదురా, నాన్నకుంది, నాకుంది, పిల్లకుంది, నీకు ఉండొచ్చు, నీకు రక్తం పడేది మొలల వల్లో మరి దేనివల్లో నీకు తెలియదు, నాకూ తెలియదు, చూపించుకో అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. పాదాలు కదల్లేదు.

"నేను అడిగేవాణ్ణి, గుర్తుందా అన్నయ్యా? లారీ ఏ రంగని."

"గుర్తుంది."

"ఆకుపచ్చ అన్నావు."

"అన్నాను."

"ఆకుపచ్చ బండి ఏదొచ్చినా ఇప్పటికీ బ్రేకులు రెండుసార్లు చూస్తాను."

నాన్న నన్నే చూస్తున్నాడనిపించి ఫోటో వైపు చూడలేదు.

"అంటే ఆ లారీకి బ్రేకులు బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు.

కాసేపటికి స్పానరు మళ్లీ మొదలైంది. "నువ్వు ఇంటికెళ్లు. ఇది బిగించకుండా వదిలేస్తే రేపు ఎవడో చస్తాడు." బయటికి రాలేదు. వాడు ఏడుస్తున్నాడో లేదో నాకు తెలియలేదు. స్పానరు చప్పుడు మాత్రం సరిగ్గా లేదు.

ఆగస్టు 18

ఆదివారం. రాలేదు.

ఆగస్టు 20

ఫోనెత్తట్లేదు. మా ఆవిడ చేస్తే ఎత్తాడట. ఏమన్నాడే అంటే, "అతన్నే అడగండి" అంది. దాస్తోందా? దాయనీ. నేను అడిగే మొహమా?

ఆగస్టు 23, శుక్రవారం

మా ఆవిడ వెళ్లమన్న టైముకి గళ్ల మేడం గదికి నేను వెళ్లేసరికి తమ్ముడు అప్పటికే కూర్చుని ఉన్నాడు. గోళ్లలో గ్రీజు లేదు, బాగా తోముకున్నాడు. నా వైపు చూడలేదు. పక్క కుర్చీ మీదున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను కూర్చున్నాను.

"మేడం, మా నాన్న గడి తప్పు పడింది," అన్నాను. "తప్పు నాదే."

ఆమె ఎందుకని అడగలేదు. కాగితం తీసి, అడ్డగీత కిందనుంచి నాన్న గడి నల్లగా నింపింది. ముప్పై నాలుగేళ్లు పట్టిన పని పెన్సిలుకి అర నిమిషం పట్టింది.

తమ్ముడు వేలు పెట్టి, "ఇది నాదా?" అన్నాడు.

"మీదే సార్."

"ఖాళీగా ఉందేం?"

"చూసేదాకా ఖాళీయే."

నేను అడగదలుచుకున్నది అడిగాను. నాన్నకీ నాకూ ఒకే జన్యువు కదా, ఇది ఉన్నవాళ్లు మెరుగ్గా ఉంటారన్నారు కదా, మరి ఆయన నాలుగు నెలల్లో ఎందుకు పోయాడు? జూలై నుంచి నన్ను తిన్న ప్రశ్న అదొక్కటే.

"ఇతర జన్యువుల్లో తేడాలు కూడా ఉండొచ్చు సార్, మా పరిశోధన దాని గురించే. కానీ ఆయన విషయంలో అంతదూరం పోనక్కర్లేదేమో. మీకు పక్క గ్రంథుల దగ్గరే ఉండగా దొరికింది, ఆయనకి కాలేయం నిండాక దొరికింది. అప్పట్లో ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు."

తమ్ముడు మొదటిసారి నా మొహం చూశాడు. కళ్లు దించుకున్నది నేనే.

వాడికి వచ్చే శుక్రవారం కెమెరా పరీక్ష. రక్తం ఇవాళే ఇచ్చాడు.

ఆగస్టు 30, శుక్రవారం

పరీక్ష గది బయట బల్ల మీద రాస్తున్నాను.

లోపలికి వెళ్లేముందు వాచీ, షెడ్డు తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. తాళాలు చల్లగా జివ్వుమన్నాయి. వదల్లేదు.

"మత్తిస్తారట. నేను లేచేలోపు డాక్టరు ముందు నీకే చెప్తాడు," అన్నాడు. "ఉన్నదున్నట్టు చెప్తావా?"

"చెప్తానురా."

"నేను ఎనిమిదేళ్లవాణ్ణి కాదన్నయ్యా."

తలుపు మూశారు. నలభై నిమిషాలైంది.

అదే రోజు, ఇంటికొచ్చాక

డాక్టరు మాస్కు దించి నిలబడే చెప్పాడు. పిలకలు నాలుగున్నాయి. మూడు తీసేశారు. నాలుగోది పెద్దది, తియ్యడం కుదరలేదు, ముక్క తీసి పరీక్షకి పంపారు. చూడటానికి మంచిదిగా లేదు. ఆపరేషన్ పడుతుంది. అయితే ఇంకా పేగు గోడ దాటినట్టు లేదు, టైముకే వచ్చారు అన్నాడు. రెండు మాటలూ నా ముందు పెట్టి వెళ్లిపోయాడు.

తమ్ముడు మత్తు దిగి, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం పక్కన కూర్చున్నాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అంతా శుభ్రంగా ఉందట్రా అనే మాట నోటిదాకా వచ్చింది. ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు. మూడు తీశారు. ఒకటి మంచిది కాదు. ఆపరేషన్. గోడ దాటలేదు. టైముకే వచ్చాం.

వాడు ఇటు తిరిగి నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. కొట్లో త్రాసు ముల్లు ఆగేదాకా నేను చూసే చూపు అది.

"ఆ చివరి మాట ఆయనన్నదా, నువ్వు కలిపిందా?"

"ఆయనన్నదేరా."

ఇంకాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాచి గంట నొక్కాడు. నర్సు వచ్చింది.

"డాక్టరుగారిని ఒక్కసారి రమ్మంటారా అమ్మా? ఆయన నోటివెంట వింటాను."

నేను లేచి ఆయన కూర్చోవడానికి కుర్చీ ఖాళీ చేశాను. తాళాలు చేతిలోనే ఉన్నాయి. వాడి తలగడ పక్కన పెట్టి, గోడకి ఆనుకుని నిలబడ్డాను, డాక్టరు వచ్చేదాకా.